వంతెన కింద గంటసేపు ఆగే నీళ్ళు

(ఫ్లోరిడాలోని బ్లూ హెరాన్ వంతెన దగ్గర ఒడ్డు నుంచి డైవింగ్, నీటి అడుగున ఫొటోలు తీయడం గురించి తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. నా గురించి తర్వాత చెప్పుకుందాం, ముందు ఈ ఫొటో చూడండి. ఇందులో ఏముంది?

నాచు... సరే. ఇంకా? రాయి. ఆ మూల నుంచి ఎవరో "నానిన గోనెగుడ్డ" అన్నారు. బాగుంది, అదే దగ్గరగా ఉంది. (నవ్వులు)

ఇప్పుడు ఈ ఎర్ర చుక్క ఎక్కడ పెట్టానో చూడండి. ఆవగింజంత నల్లగా కనబడుతోంది కదా, అది కన్ను. దాని చుట్టూ బండి చక్రానికి ఆకుల్లా గీతలు. దాని కింద వంకరగా మూతి ముడుచుకున్నట్టు ఉన్నది నోరు. నుదుటి మీద నుంచి వానపాములా వేలాడుతున్నది ఎర. ఎవరూ తెచ్చి కట్టలేదు, దాని ఒంట్లోంచే మొలిచింది. ఇది చేప. ఫ్రాగ్‌ఫిష్ అంటారు. ఈదడం కంటే నడవడమే దీనికి ఇష్టం. ఒక చోట కూర్చుని ఎర ఆడిస్తుంది. చిన్న చేప ఆశపడి దగ్గరికి వచ్చిందా, గుటుక్కుమనిపిస్తుంది. సెకనులో వందో వంతు కూడా పట్టదు. పక్కనున్న చేపకి కూడా ఏం జరిగిందో తెలియదు.

ఈ ఫొటో తీసినప్పుడు నేనున్న లోతు 12 అడుగులు. నా నెత్తిన వంతెన, వంతెన మీద కార్లు. ఆ కార్లలో బీచికి పోతున్న జనం. కింద ఇలాంటిదొకటి కూర్చుని ఉందని వాళ్ళలో ఎందరికి తెలుసో!

చోటు గురించి చెప్తాను. పామ్ బీచ్ కౌంటీలో రివియెరా బీచ్ అనే ఊరుంది. ఆ ఊరిని సింగర్ ఐలండ్‌తో కలిపే వంతెన ఈ బ్లూ హెరాన్. కిందున్నది సముద్రం కాదు, లేక్ వర్త్ లగూన్ అనే ఉప్పునీటి కయ్య. వంతెన మధ్యలో నేల కాస్త వెడల్పుగా ఉన్నచోట ఫిల్ ఫోస్టర్ పార్క్. కారు పార్కింగ్‌లో ఆపి, సిలిండరు తగిలించుకుని, ఇసుక మీద నడుచుకుంటూ నీళ్ళలోకి వెళ్ళిపోవచ్చు. పడవ అక్కర్లేదు, వాంతులు లేవు. షోర్ డైవింగ్ అంటే ఇదే. ఎంత పోయినా లోతు 20 అడుగుల దరిదాపుల్లోనే. 2012లో అక్కడ సున్నపురాయి బండలు, ముందే పోత పోసిన కృత్రిమ దిబ్బలు వరసగా దించి స్నార్కెల్ చేసేవాళ్ళకి, అంటే ఊపిరి గొట్టం పెట్టుకుని పైపైన ఈదేవాళ్ళకి, ఒక దారి కూడా వేశారు. పిల్లలు పైన తేలుతూ చూస్తుంటారు, మనం కింద పాకుతుంటాం.

ఇంత తక్కువ లోతు, పైగా ఊరి మధ్యలో ఉన్న వంతెన. దానికి ప్రపంచం నలుమూలల నుంచి కెమెరాలు మోసుకుని జనం ఎందుకొస్తారు? దీనికి జవాబు నీళ్ళలో ఉంది. గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చటి ప్రవాహం అమెరికా తీరానికి బాగా దగ్గరగా వచ్చేది ఈ ప్రాంతంలోనే. వంతెనకి దక్షిణంగా కొద్ది దూరంలో సముద్రంలోకి తెరుచుకున్న ముఖద్వారం ఉంది. పోటు వచ్చినప్పుడు ఆ ద్వారంలోంచి నీలంగా, తేటగా ఉన్న సముద్రపు నీళ్ళు లోపలికి దూసుకొస్తాయి. ఆ నీళ్ళతోపాటు ఎక్కడెక్కడి పిల్లలూ, గుడ్లూ కొట్టుకొచ్చి ఇక్కడ స్తంభాల చాటున, గడ్డిలో, ఇసుకలో స్థిరపడిపోతాయి. పాటు, అంటే నీళ్ళు వెనక్కి తగ్గడం, మొదలయ్యాక ఇదంతా తిరగబడుతుంది. లగూన్ లోపలి మట్టినీళ్ళు, కాలవల నీళ్ళు బయటికి పరిగెత్తుతాయి. రంగు టీ డికాక్షన్. ముందు రోజు గట్టి వాన పడిందంటే పాలు పోసిన టీ.

మన కోస్తా జాలర్లు పోటు, పాటు అంటారు చూడండి, ఆ రెండు మాటలూ నాకు ఇక్కడికొచ్చాకే ఒంటికి పట్టాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను పోటు, పాటుల వేళలు రాసే పట్టిక చూడలేదు. ఆదివారం కదా, తీరిగ్గా టిఫిన్ చేసి మధ్యాహ్నం దిగాను. దిగిన రెండు నిమిషాలకి ఒక స్తంభాన్ని కావలించుకుని ఉన్నాను. వదిలితే కొట్టుకుపోతాను. స్తంభానికి అంటుకుని ఉండే బార్నకిల్స్ అనే పదునైన గుల్లలకి చేతి గ్లవ్స్ చీలికలైపోయాయి. కెమెరా మెడకి పటకాలా చుట్టుకుంది. ఆ రోజు తీసినవి మూడు ఫొటోలు. మూడూ నా మోకాలివే. (నవ్వులు)

కాబట్టి అక్కడ ఫొటో తీయాలంటే కెమెరా కంటే ముందు గడియారం కావాలి. పోటు నిండి, పాటు మొదలయ్యే లోపల నీళ్ళు కాసేపు ఎటూ కదలకుండా నిలబడతాయి. ఆ కాస్తే మనది. పోటు నిండటానికి అరగంటో ముప్పావుగంటో ముందు దిగాలి, నీళ్ళు తిరగబడ్డాక ఒంటికి తెలుస్తుంటే ఒడ్డు దారి పట్టాలి. పట్టికలో రాసిన సమయానికీ వంతెన కింద నీళ్ళు నిజంగా ఆగే సమయానికీ కాస్త తేడా ఉంటుంది. గాలి, అమావాస్య, పౌర్ణమి, అన్నీ దాన్ని అటూ ఇటూ జరుపుతాయి. అందుకే పట్టికని నమ్మి, గడ్డిపరకల్ని చూసి ఖాయం చేసుకోవాలి. నీటి అడుగున గడ్డి ఎటు వాలిందో చూడండి. నిటారుగా లేచిందంటే మన టైము వచ్చినట్టు.

ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే రోజుకి 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈ శనివారం పొద్దున పదింటికి పోటు నిండితే వచ్చే శనివారం నాలుగు కావస్తుంది. ఆ పై శనివారం మళ్ళీ తొమ్మిది, పది మధ్యకి వస్తుంది. మా ఇంట్లో భోజనాలకి ఎవరినైనా పిలవాలంటే మా ఆవిడ ముందు నన్ను అడిగేది, "ఆ రోజు పోటు ఎన్నింటికండీ?" అని. పంచాంగం చూసి ముహూర్తం పెట్టినట్టే.

రాత్రి డైవింగ్ గురించి చాలామంది అడుగుతారు. పొద్దు గుంకాక పార్కు మూసేస్తారు. ముందుగా అనుమతి తీసుకున్న బృందాలతో వెళ్ళాల్సిందే. గేటు దూకే పని పెట్టుకోకండి.

జెండా సంగతి మాత్రం కాస్త గట్టిగా చెప్తాను. ఎర్ర గుడ్డ మీద ఏటవాలుగా తెల్ల పట్టీ. డైవర్ కింద ఉన్నాడని పడవలకి చెప్పే గుర్తు అది. ఫ్లోరిడాలో ఇది చట్టం. తేలే బోయా మీద పెట్టే జెండా కనీసం 12 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు ఉండాలి. మనం దానికి దగ్గరగానే ఉండాలి: బయటి నీళ్ళలో అయితే 300 అడుగుల లోపల, పడవలు తిరిగే కాలవలో, ముఖద్వారంలో అయితే 100 అడుగుల లోపల. వంతెనకి రెండు పక్కలా పడవల దారి ఉంది. అందులోంచి పైకి తేలడం అంటే హైవే మధ్యలో మ్యాన్‌హోల్ మూత తీసుకుని తల బయట పెట్టడమే. జెండా తాడు ఒక చేత్తో, కెమెరా ఒక చేత్తో అంటే విసుగే. నిజమే. నేను తాడుని చిన్న బరువుకి కట్టి పక్కన ఇసుకలో పెట్టుకుంటాను, చోటు మారినప్పుడు తీసుకెళ్తాను.

ఇంకోటి, గాలాలు. వంతెన పక్కన చేపలు పట్టేవాళ్ళ కోసం నడక వంతెన ఉంది. వాళ్ళ చోటు వాళ్ళది, మన చోటు మనది. తెగిపోయిన నైలాన్ దారం స్తంభాల చుట్టూ సాలెగూడులా ఉంటుంది, నీళ్ళలో కనబడనే కనబడదు. దారం కోసే చిన్న కట్టర్ చేతికి అందే చోట పెట్టుకోండి. కాలికి కట్టుకునే సినిమా కత్తి వద్దు, చిక్కుకున్నప్పుడు చెయ్యి అక్కడిదాకా వంగదు.

లోతు తక్కువ కదా, సులువు అనుకుంటారు. నా లెక్కలో 15 అడుగుల్లో ఒకే చోట కదలకుండా తేలడం 60 అడుగుల్లో కంటే కష్టం. ఉపరితలం నుంచి 33 అడుగులు దిగేసరికి ఒత్తిడి రెట్టింపవుతుంది. కాబట్టి మనల్ని తేల్చడానికి వేసుకునే గాలి జాకెట్లో గాలి ఎక్కువగా ఉబ్బేదీ, నలిగేదీ ఈ పై భాగంలోనే. గట్టిగా ఊపిరి పీల్చారా, బుడగలా లేస్తారు. వదిలారా, కిందికి. కొత్తవాళ్ళు ఇది సరిచేయడానికి నడుముకి ఇంకో రెండు పౌన్ల సీసం కట్టుకుని నేల మీద మోకాళ్ళు ఆనిస్తారు. అలా ఆనించిన చోట ఏముంటుందో చెప్తాను: ఇసుకలో కప్పుకుని పడుకున్న స్టింగ్‌రే ఉంటుంది, రాయిలా ఉండే స్కార్పియన్‌ఫిష్ ఉంటుంది, దానికి వీపు మీద విషపు ముళ్ళు. స్టార్‌గేజర్ అని ఒకటుంది, ఒళ్ళంతా ఇసుకలో పూడ్చుకుని కళ్ళూ మూతీ మాత్రమే పైకి పెట్టి ఆకాశం చూస్తూ ఉంటుంది. మంచాన పడ్డ ముసలాయన దుప్పటి కప్పుకుని ఎవరొచ్చారా అని చూస్తున్నట్టు. దాని మీద మోకాలు పెట్టకండి.

ఊపిరి బిగబట్టకూడదు, ఇదింకా ముఖ్యం. నాలుగైదు అడుగుల లోతు నుంచి ఊపిరి బిగబట్టి పైకొచ్చినా ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు. ఫొటో నొక్కేటప్పుడు అందరం తెలియకుండా ఊపిరి ఆపుతాం. ఒడ్డు మీద అది మంచి అలవాటు. అక్కడ కాదు.

సరే, కెమెరా. ఇక్కడ ఫొటోగ్రాఫర్లు చాలామంది ఉన్నారు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. నీళ్ళు మొదట మింగేది ఎరుపుని. పదిహేను అడుగులకే మన ఎర్ర టీషర్టు చింతపండు రంగులోకి దిగుతుంది. పైగా వెలుగు పై నుంచి చేప దాకా, చేప నుంచి కెమెరా దాకా, రెండు ప్రయాణాలూ నీళ్ళలోనే చేయాలి. కాబట్టి సొంత వెలుగు కావాలి, ఆ వెలుగుని చేపకి దగ్గరగా తీసుకెళ్ళాలి. దూరం పెరిగితే ఎంత ఖరీదైన స్ట్రోబ్, అదే నీళ్ళలో వాడే ఫ్లాష్, అయినా దండగ. చిన్నవాటిని దగ్గరగా తీసే మాక్రో లెన్స్, సెకనులో 200వ వంతు, ఎఫ్ 16, ఐఎస్ఓ 200, ఇక్కడ మొదలుపెట్టి సర్దుకోండి. ఆ వేగానికి, ఆ చిన్న రంధ్రానికి ఎండ వెలుగు దాదాపు లోపలికి రాదు. ఫొటోలో ఉన్న వెలుగంతా మీరు తెచ్చుకున్నదే.

ఫొటో నిండా తెల్ల చుక్కలు పడటం చూసే ఉంటారు. నీళ్ళలో తేలే నలుసులు. రాత్రి మంచులో హెడ్‌లైట్లు వేస్తే ముందు తెల్లగోడ కనబడుతుందే, అదే. స్ట్రోబ్‌లని లెన్స్ పక్కన పెట్టి సూటిగా చూపిస్తే నలుసులన్నీ వెలుగుతాయి. వాటిని పక్కలకి జరిపి, కాస్త వెనక్కి లాగి, కొద్దిగా బయటికి తిప్పండి. వెలుగు కోన్ అంచు మాత్రమే చేపకి తగలాలి.

కానీ ఇవన్నీ పుస్తకంలో దొరుకుతాయి. దొరకనిది ఆగడం. పోటు గంట కాబట్టి ఉన్న గంటలో వంతెన మొత్తం చుట్టేయాలని అనిపిస్తుంది. తూర్పు స్తంభాలు, పడమటి స్తంభాలు, మునిగిపోయిన పడవ... నేనూ అలాగే రెండేళ్ళు తిరిగాను. ఒకే చేపకి వెయ్యి వీపు ఫొటోలు. ఇప్పుడు నా పద్ధతి వేరు. ఒక దుప్పటి పరిచినంత చోటు ఎంచుకుంటాను. ఆ గంటా అక్కడే. మొదటి పది నిమిషాలు ఏమీ ఉండదు, ఇసుక. తర్వాత ఇసుక కదులుతుంది.

జాఫిష్ కథ చెప్తాను. అంగుళం వెడల్పు బొరియ, చుట్టూ చిన్న చిన్న గవ్వముక్కలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. అందులోంచి తల మాత్రం బయట పెట్టి చూస్తుంది. మనిషి నీడ పడితే లోపలికి జారిపోతుంది. అందులో మగది గుడ్లని నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. నోరు నిండా గుడ్లు, తిండి కష్టమే. అప్పుడప్పుడు ఆ ముద్దనంతా ఒక్కసారి బయటికి ఊది, మళ్ళీ లోపలికి లాక్కుంటుంది. గుడ్లకి కొత్త నీళ్ళు తగలడానికి. బుగ్గలో తాంబూలం అటు నుంచి ఇటు మార్చినట్టు ఉంటుంది. నేను మూడు రోజులు వరసగా ఒకే బొరియ ముందు పడుకున్నాను. మొదటి రోజు గుడ్లు పసుపు రంగు ముద్ద. మూడో రోజు దగ్గరగా చూస్తే ఒక్కో గుడ్డులో రెండు వెండి చుక్కలు. పిల్లల కళ్ళు. అంటే తండ్రి మూతిలోంచి వందల కళ్ళు నన్ను చూస్తున్నాయి. లెన్స్ వెనక నా మాస్కులోకి నీళ్ళొచ్చాయి. ఉప్పునీళ్ళే, ఎక్కడివో అడగకండి.

అప్పుడే ఇంకో డైవర్ వచ్చాడు. చేతిలో ఇనుప పుల్ల. ఇసుకలో గుచ్చుకుని కుదురుగా ఉండటానికి వాడతారు. ఆయన దాన్ని బొరియలో పెట్టి కదిపాడు, బయటికి వస్తుందేమోనని. చేప లోపలికి పోయింది. నాలుగైదు గుడ్లు బయట రాలిపోయాయి. చిన్న చేపలు వచ్చి తినేశాయి. ఆయన భుజాలెగరేసి వెళ్ళిపోయాడు. నీళ్ళలో తిట్టడం కుదరదండీ, అదొక్కటే లోపం.

దీనికి సంబంధించిందే ఒక మంచి విషయం. కొన్నేళ్ళ కింద ఇక్కడి నుంచి అక్వేరియంల కోసం జీవుల్ని పట్టుకుపోతున్నారని డైవర్లు కనిపెట్టారు. అప్పట్లో లైసెన్సు ఉంటే అది తప్పు కాదు కూడా. డైవర్లు, ఫొటోలు తీసేవాళ్ళు ఊరుకోలేదు. రాష్ట్రంలో చేపలు, వన్యప్రాణుల సంగతి చూసే కమిషన్ దాకా వెళ్ళారు. 2018 నవంబరు 1 నుంచి ఈ పార్కు నీళ్ళలో అలంకరణ జీవుల్ని పట్టడం నిషేధం. గాలం వేసి కూరకి చేపలు పట్టుకునేవాళ్ళ జోలికి ఆ నిబంధన పోలేదు. అందుకే నడక వంతెన మీద వాళ్ళూ, కింద మేమూ ఇప్పటికీ ఉన్నాం. అలాంటి వాదనకి ఆధారం కావాలి కదా. ఏళ్ళ తరబడి ఎవరెవరో సరదాకి తీసిన ఫొటోల్లోనే ఇక్కడ ఏమేం ఉన్నాయో లెక్క ఉంది.

నా నష్టం ఒకటి చెప్పి ముగిస్తాను. హౌసింగ్ అంటే కెమెరాని పెట్టే నీళ్ళు చొరని పెట్టె. దాని మూతకి ఓరింగ్ అని నల్ల రబ్బరు చుట్ట ఉంటుంది. నీళ్ళకీ కెమెరాకీ మధ్య ఉన్నది అదొక్కటే. దాన్ని బయటికి తీసి, తుడిచి, సన్నగా గ్రీజు రాసి, వెలుగులో తిప్పి చూసి పెట్టాలి. ఒకరోజు పోటు టైము దగ్గర పడుతోందని కారు డిక్కీలోనే, గాలిలో, హడావిడిగా మూశాను. పది అడుగుల దగ్గర లెన్స్ గాజు లోపల ఒక బుడగ. "ఇదేంటి, చేప బుడగేమో" అనుకున్నాను. నీళ్ళు లోపలికి వచ్చాయంటే మనసు ఒప్పుకోదు కదా. తర్వాత చూస్తే ఓరింగ్ మీద అడ్డంగా ఒక తెల్ల వెంట్రుక. నాదే. (నవ్వులు) అప్పటి నుంచి ముందు రోజు రాత్రి ఇంట్లో, డైనింగ్ టేబుల్ మీద మూస్తున్నాను, పంపుతో లోపలి గాలి లాగి రాత్రంతా పట్టి ఉందో లేదో చూస్తున్నాను. బయటికొచ్చాక మంచినీళ్ళలో నానబెట్టకుండా మూత తీయను. ఒడ్డు డైవింగ్‌లో ఉప్పు కంటే ఇసుక శత్రువు.

అడగండి.

ఆ ముందు వరసలో అమ్మ అడుగుతున్నారు, ఈత రాకపోతే ఎలా అని. ఈత రావాలమ్మా. ముందు ఈత, తర్వాత డైవింగ్ సర్టిఫికెట్, ఆ తర్వాత కనీసం ఇరవై, ముప్పై డైవ్‌లు ఒట్టి చేతులతో, ఆపైన కెమెరా. నేను ఈ వరస పాటించలేదు, స్తంభం కథ విన్నారు కదా.

మనటీలు, అదే సముద్రపు ఆవులు... అవును, వస్తాయి. చలికాలంలో ఆ దగ్గర్లోనే ఉన్న విద్యుత్ కేంద్రం వదిలే వెచ్చటి నీళ్ళ కోసం చేరతాయి. కొన్ని వంతెన కిందికి కూడా వస్తాయి. నీళ్ళలో పక్కన ఒక గేదె పోయినట్టు ఉంటుంది. తాకకూడదు, వెంట పడకూడదు, చట్టం ఒప్పుకోదు. అది మన దగ్గరికొస్తే ఊరికే ఉండండి. మాక్రో లెన్స్ పెట్టుకుని ఉంటారు కాబట్టి దాని ముక్కు రంధ్రం ఒక్కటే ఫొటోలో పడుతుంది.

ఆ వెనక తమ్ముడు ఏదో అంటున్నాడు. "అన్నా, మొదట చూపించిన ఫ్రాగ్‌ఫిష్ మింగే ఫొటో దొరికిందా?"

లేదు నాయనా. నలభై నిమిషాలు దాని ముందే ఉన్నాను. ఒక చిన్న చేప ఎర దాకా వచ్చింది కూడా. అప్పుడే గడ్డి ఒక పక్కకి వాలింది, జెండా తాడు బిగుసుకుంది. పాటు మొదలైంది. లేచి వచ్చేశాను. మర్నాడు 50 నిమిషాలు ఆలస్యంగా వెళ్ళి చూస్తే అదే చోట, అదే స్పాంజి మీద ఉంది. కాకపోతే అటు తిరిగి కూర్చుంది. ఆ వీపు ఫొటోలు ముప్పై ఎనిమిది ఉన్నాయి, కావాలంటే టీ దగ్గర చూపిస్తాను.